దూప

భయం ఫెబికి ముందు వేళ్లలోకి వచ్చేది. గుండె దడదడలాడటం, మోకాళ్లు వణకటం, అవన్నీ తర్వాతి సంగతి. ముందు పది వేళ్లూ ఐసుపెట్టెలోంచి తీసినట్టు చల్లబడిపోయేవి. ఆ చేత్తో రోగి మణికట్టు పట్టుకుంటే కొట్టుకుంటున్న నాడి అతనిదో తనదో తెలిసేది కాదు.

ఆ ఆదివారం (దోహాలో అది పనిరోజే) పొద్దున ఆరున్నరకే వార్డు తలుపు ముందు నిలబడి, చేతులు రెండూ చంకల్లో దోపుకుని వెచ్చబెట్టుకుంటోంది. నర్సింగులో రెండో ఏడు, ఈ వార్డులో మూడో వారం. మొదటి వారంలోనే ఒక ముసలాయన భళ్లున నెత్తురు కక్కుకుంటే, ఫెబి దుప్పట్ల గదిలోకి పోయి గడియ పెట్టుకుంది. పది నిమిషాల తర్వాత తలుపు తట్టింది కహకషాన్ మేడమ్. విద్యార్థుల్ని వార్డుల్లో తిప్పి పని నేర్పే మనిషి, లాహోరావిడ. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. తన నల్లట్ట నోటుబుక్కులో ఒక్క వాక్యం రాసి, బుక్కు ఇటు తిప్పి చూపించింది. 'మరొక్కసారి జరిగితే కమిటీ ముందుకు.' కమిటీ ముందుకు పోయినవాళ్లు మళ్లీ యూనిఫాం వేసుకున్నట్టు ఫెబి ఎక్కడా వినలేదు.

అందుకే ఆమె బ్యాగులో, స్టెతస్కోపు కింద, కోర్సు మానుకునే ఫారం ఒకటి నాలుగు మడతల్లో ఉంది. పేరు, నంబరు, కారణం, అన్నీ నింపింది. సంతకం ఒక్కటే పెట్టలేదు. వాళ్లు పొమ్మనేలోపు తనే పోతే కొంచెం పరువుగా ఉంటుందని ఆమె ఆలోచన.

"పన్నెండో మంచం నీది" అంది సమ్రీన్, ఆమెను చూడగానే. సమ్రీన్ స్టాఫు నర్సు, లక్నో పిల్ల. ఆరుగురు రోగుల్ని ఒక్కతే చూసుకుంటూ నడక మరిచిపోయి పరుగే నేర్చుకున్న మనిషి. "మీ తెలుగాయనే. ఏదో గొణుగుతాడు, నాకు ఒక్క ముక్క అందట్లేదు. నువ్వుంటే నాకు సగం పని తగ్గినట్టే."

పన్నెండో మంచం కిటికీ పక్కన. మంచం మీద రాజనర్సు. ధర్మపురి దగ్గర పల్లె. ఇక్కడ కట్టుబడి పనిలో పద్నాలుగేళ్లు. గురువారం పరంజా మీంచి ఎడమ పక్కకు పడ్డాడు. పక్కటెముకలు రెండు విరిగాయి, ఎడమ మణికట్టు కట్టులో ఉంది. లోపల ప్లీహం మీద చిన్న చీలిక ఉందేమోనని డాక్టర్ల అనుమానం. ఆదివారం మళ్లీ స్కాను తీద్దాం, అందాకా నీళ్లు కూడా తాగొద్దని రాత్రి డ్యూటీవాళ్లు హిందీలో, చేతిసైగలతో చెప్పి పోయారు.

తొమ్మిదింటికి స్కాను రేపటికి మారిందని కబురొచ్చింది. తలవైపు వేలాడే 'నోటికి ఏమీ ఇవ్వరాదు' అట్టముక్కను ఎవరో తీసేశారు. ఇక నోటితో తాగుతాడు గదా అని సెలైను విప్పేశారు. పక్కబల్ల మీద నీళ్లసీసా ఒకటి పెట్టారు. మార్పు సంగతి కంప్యూటర్లో ఎక్కింది. అందరికీ తెలిసింది. పన్నెండో మంచానికి మాత్రం ఎవరూ చెప్పలేదు.

పదకొండున్నరకు ఫెబి అతని దుప్పటి సర్దుతోంది. జూన్ ఎండ ఎదురు బిల్డింగు అద్దాల మీద పడి, అక్కణ్ణుంచి తిరిగి సరిగ్గా పన్నెండో మంచం మీదకే కొడుతోంది. రాజనర్సు పెదాలు తడుపుకుని, వార్డులో అందరూ తనకంటే పెద్దవాళ్లే అన్నట్టు చిన్న గొంతుతో అన్నాడు.

"బిడ్డా... దూప. శాన దూపయితుంది."

ఫెబి ఇంటి తెలుగు నర్సాపురం తెలుగు, అమ్మ నోటినుంచి వచ్చింది. పుట్టి పెరిగింది దోహాలో, చదివింది ఇండియన్ స్కూల్లో. పదేళ్లు హిందీ చదివి మార్కులు తెచ్చుకున్న పిల్ల. సైటు మనుషులు తెలుగులో హిందీ కలిపి మాట్లాడతారని ఆమెకు తెలుసు. కిటికీ చూసింది. అతని మొహం మీది వెలుగు చూసింది. కళ్లు చిట్లించి ఉన్నాడు. ధూప్. ఎండ.

"అయ్యో, చెప్పరేం అంకుల్" అంటూ పరదా బర్రున లాగింది.

"ఏమంటాడు?" అని దూరంనుంచి సమ్రీన్.

"ధూప్ అంటున్నాడు. ఎండ కళ్లలో పడుతోందంట."

"షాబాష్!" అంది సమ్రీన్, అప్పటికే టైపు కొడుతూ. వెలుతురు ఇబ్బంది, పరదా వేశాం, రోగి నెమ్మదించాడు.

మూడు వారాల్లో ఫెబి అన్న మాటకు ఎవరైనా షాబాష్ అనటం అదే మొదలు. వేళ్లలోకి కాస్త వేడి కూడా వచ్చింది. రాజనర్సు పరదావైపు చూశాడు, ఆమెవైపు చూశాడు. ఏదో అనబోయి నోరు మూసుకున్నాడు. ఆ తర్వాత ఆమె డ్యూటీ దిగేదాకా మళ్లీ పిలవలేదు. మంచి పేషెంటు అనుకుంది ఫెబి. మధ్యాహ్నం నాడి తొంభై ఎనిమిది ఉంటే తన చిన్న పుస్తకంలో రాసుకుంది, పక్కన 'ప్రశాంతం' అని కూడా.

ఓల్డ్ ఎయిర్‌పోర్టు అనే పేటలో వాళ్లుండేది పెద్ద విల్లాని ముక్కలు చేసి అద్దెకిచ్చిన వాటాల్లో ఒకటి. వంటగది వేరు, వాకిలి ఉమ్మడి. నాలుగున్నరకు ఫెబి వాకిట్లో బల్ల మీద కూచుని సాక్సులు విప్పుకుంటోంది. తల్లి లూర్దమ్మ కంచంలో అన్నం కలుపుకొచ్చింది.

"ఇవాళ మొహం కళగా ఉందేంటే? ఏవైనా మెచ్చుకున్నారా?"

"ఏదోలే మమ్మీ."

"మెచ్చుకుంటే చెప్పకూడదా? తిడితే మాత్రం వారం రోజులు అన్నం మానేస్తావు. మెచ్చుకున్నరోజు రెండు ముద్దలు ఎక్కువ తినొచ్చుగా!"

అప్పుడే పక్క వాటా మాలతి కూతురు, ఐదేళ్ల పిల్ల, సైకిలు వాకిట్లో పడేసి ఎర్రటి మొహంతో లోపలికి ఉరికింది. మాలతిది కరీంనగర్ వైపు.

"అమ్మా! దూపైతుందే! జల్ది!"

"ఎండల తిరగకుమంటె ఇనవైతివి. ఆగు, పోస్తున్న" అని మాలతి గ్లాసులో నీళ్లు పోసింది. పిల్ల గటగటా తాగింది.

ఫెబి నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది.

"మాలతక్కా, దూప అంటే?"

"దూపంటే దూపనే. గొంతెండుతది గద, నీల్ల కోసం. మీరు దాహం అంటరుగా?" అని మాలతి నవ్వింది. "ఏం, మీ దాంట్ల లేదా?"

వేళ్లు చల్లబడ్డాయి. ముంజేతుల దాకా ఎక్కింది చలి. రాత్రినుంచి నీళ్లు లేని మనిషి. నీళ్లు తాగొచ్చని తెలియని మనిషి. తెలుగు వచ్చిన ఒకే ఒక్కదాన్ని నోరు తెరిచి అడిగాడు. తను పోయి పరదా వేసింది.

ఆమె ముందు అనుకున్న మాట, దాచటం ఎందుకు, అతని గురించి కాదు. నోటుబుక్కు గురించి. కమిటీ గురించి. ఆ వెనకే ఇంకో ఆలోచన వచ్చింది. ఎవరికి తెలుసు? అతనికి భాష లేదు, వాళ్లకు అతని భాష రాదు. ఐదున్నరకు చూడొచ్చేవాళ్లను లోపలికి వదులుతారు. యూనిఫాం లేకుండా చుట్టంలా వెళ్లి, సీసా మూత తీసి నాలుగు గుక్కలు తాగించి వచ్చేస్తే అయిపోతుంది.

"డాడీ, నన్నొకసారి హాస్పిటల్లో దింపు."

తండ్రి సాలమన్ అప్పుడే ఆఫీసునుంచి వచ్చి బూట్లు విప్పబోతున్నాడు. కూతురి మొహం చూసి మళ్లీ లేసు కట్టుకున్నాడు. "ఏదైనా మర్చిపోయావా?"

"అవును."

దారంతా ఏసీ ఆపెయ్యమంది. చేతులు డాష్‌బోర్డు మీద ఎండలో పెట్టుకుని కూచుంది.

వార్డులో జనం ఉన్నారు. పళ్లు, ఫోన్లు, పిల్లలు. పన్నెండో మంచం దగ్గర ఎవరూ లేరు. పరదా తను వేసినట్టే ఉంది. బల్లమీద సీసా సీలు కూడా విప్పకుండా ఉంది.

"అంకుల్" అంది గుసగుసగా. "దూపయితుందా?"

రాజనర్సు కళ్లు తెరిచాడు. ఆ ఒక్క మాటకు అతని మొహంలో ఏదో వెలిగింది.

"తాగొచ్చునా ఇగ? అయిందా టైము?"

ఫెబి సీసా మూత తిప్పింది. ఒక చెయ్యి అతని మెడ కింద పెట్టి లేపింది. సీసా మూతి పెదాలకు తగిలింది. అప్పుడు ఆమె వేళ్లకు తెలిసింది. మెడ తడిగా ఉంది. చల్లగా ఉంది. ఆమె వేళ్లకంటే చల్లగా. ఇన్నాళ్లలో ఎవరి ఒళ్లూ ఆమె చేతికంటే చల్లగా తగల్లేదు.

ఆమె మణికట్టు పట్టుకుంది. ఈసారి ఎవరి నాడో అనుమానం రాలేదు. సన్నటి దారంలా, లెక్కపెట్టనివ్వకుండా పరుగెత్తుతోంది. గోడగడియారం ముల్లు పావు నిమిషం నడిచేలోపు ముప్పైరెండు.

"నొప్పి ఎక్కడుంది?"

"జబ్బ గుంజుతుంది బిడ్డా. ఎడమ జబ్బ."

"భుజం మీద పడ్డారా?"

"జబ్బ మీద పడలే. పక్క మీద పడ్డ. జబ్బకేం కాలే. గని పగటిసంది గుంజుతనే ఉన్నది. కడుపుల బండ వెట్టినట్టున్నది."

పోయిన సెమిస్టరులో రెండు మార్కుల ప్రశ్న అది. దెబ్బ తగలని ఎడమ భుజంలో నొప్పి వస్తే ఎక్కడ చూడాలి? కడుపులో నెత్తురు కోసం చూడాలి. ఆ జవాబు ఫెబి బట్టీపట్టి రాసింది, రెండుకు రెండూ వేశారు. ఆ రెండు మార్కులకు ఇలా తడిమెడ ఉంటుందనీ, ఇంత చిన్న గొంతు ఉంటుందనీ పుస్తకంలో లేదు.

కడుపులో నెత్తురైతే ఆపరేషను. ఆపరేషనైతే నీళ్లు తాగకూడదు.

సీసా మూతి ఇంకా అతని పెదాల మీదే ఉంది. ఒక చుక్క కిందిపెదవి మీద నిలిచింది. వంచితే చాలు. వంచి, మూత పెట్టి, వెళ్లిపోవచ్చు. ఆమె సీసా వెనక్కి తీసుకుంది.

"వద్దు బాబాయ్. తాగొద్దు. ఒక్క చుక్క కూడా."

"తాగద్దా?" అని ఆమెవైపు చూసి, "మంచిది" అన్నాడు. అంతే. పొద్దున పరదా వేసినప్పుడూ ఆ మొహమే. అప్పుడు ఆమె దాన్ని ప్రశాంతం అని రాసుకుంది.

మంచం వెనక గోడకు ఎర్ర బొత్తాం ఉంది. విద్యార్థులు అడక్కుండా దాన్ని ముట్టుకోకూడదని మొదటిరోజే చెప్పారు. ఫెబి అరచెయ్యి మొత్తంతో నొక్కింది.

సమ్రీన్ పరుగెత్తుకొచ్చింది. "ఎవరు నొక్కింది? బయటివాళ్లు ఇక్కడ..." అని, ఆమె మొహం చూసి ఆగిపోయింది. "ఫెబీ? నువ్వేంటి ఈ బట్టల్లో?"

ఫెబి అతని మణికట్టు మళ్లీ పట్టుకుని చెప్పింది.  "నాడి నూట ఇరవై ఎనిమిది. ఒళ్లు చల్లగా, చెమట. ఎడమ భుజం లాగుతోంది, కడుపు బరువుగా ఉంది. ఇంకోటి. పొద్దున ఈయనన్నది ఎండ కాదు. దాహం. నేను తప్పు చెప్పాను."

సమ్రీన్ బీపీ పట్టీ చుట్టింది. ఎనభై నాలుగు అని చూపించింది మిషను. ఆ తర్వాత మంచం చుట్టూ మనుషులు ఎలా మూగారో, ఎవరు సూది గుచ్చారో, స్కాను పెట్టె ఎప్పుడొచ్చిందో ఫెబికి వరసగా గుర్తులేదు. "యల్లా, యల్లా" అని ఎవరో అరబ్బీలో తొందరపెడుతున్నారు. చక్రాలు కదిలాయి. పన్నెండో నంబరు ఉన్నచోట ఖాళీ నేల మిగిలింది, మధ్యలో ఒక నీళ్లసీసా మూత.

ఆమె వంగి మూత తీసుకుంది. దుప్పట్ల గది నాలుగడుగుల్లో ఉంది. తలుపు కూడా తీసే ఉంది. దానివైపు చూసి, అక్కడే గోడకు ఆనుకుని నిలబడింది.

కొంతసేపటికి సమ్రీన్ వచ్చి పక్కన నిలబడింది. 

"లోపల నెత్తురు లీటరు దాకా ఉందంట. ఆపరేషనుకు తీసుకుపోయారు" అని, గొంతు తగ్గించింది. "చూడు ఫెబీ, నాడి పట్టింది నువ్వే. అంతవరకు చెప్తే చాలు. ఆ ధూప్ సంగతి దేనికి? భాష రాకపోతే ఫోన్లో దుబాసీని పిలవాలి, విద్యార్థిని అడగకూడదు. నేను అడిగాను. నీకూ మంచిది కాదు, నాకూ మంచిది కాదు. నా చెల్లి పెళ్లి నెలరోజుల్లో..." అని ఆపేసింది. "ఆలోచించు."

ఫెబి తల ఊపింది. ఆ ఊపటం అవునో కాదో ఆమెకే తెలియదు. కార్లో సాలమన్ అడిగాడు, "మర్చిపోయింది దొరికిందా?" అని. ఆమె పిడికిలి విప్పింది. అందులో సీసా మూత ఉంది. 

సోమవారం ఏడింటికి కహకషాన్ మేడమ్ గదిలో రెండు కుర్చీలు, మధ్య బల్ల. బల్ల మీద నల్లట్ట పుస్తకం, మూసి ఉంది.

"మనిషి బతికాడు" అందావిడ, ఉర్దూలో. "నిన్న పొద్దుటినుంచి జరిగింది జరిగినట్టు రాసివ్వు. కాగితముందా?"

ఫెబి బ్యాగులో చెయ్యి పెట్టింది. చేతికి తగిలిన కాగితం తీసి, మడతలు విప్పి, తెల్లవైపు రాయటం మొదలుపెట్టింది. చూపుడువేలు మొద్దుబారి అక్షరాలు వంకర పోతున్నాయి. నాడి దగ్గర మొదలుపెడదామనుకుంది. కలం కాసేపు గాలిలో ఆగింది. తర్వాత పదకొండున్నర అని రాసింది. రోగి ఒక మాట అన్నాడు, నాకు అర్థం కాలేదు, అర్థమైందనుకున్నాను అని రాసింది. సమ్రీన్ ప్రశ్న అడిగిందని కాకుండా, తను జవాబు చెప్పానని రాసింది. చివర సంతకం పెట్టింది.

మేడమ్ మెల్లగా చదివింది. చదివి కాగితం తిప్పింది. అప్పుడు చూసింది ఫెబి. ఆ వైపున తన పేరు, నంబరు, కారణం. కోర్సు మానుకునే ఫారం.



"ఇందులో ఏ వైపు ఫైల్లో పెట్టను?"

ఫెబి చెయ్యి చాపి, కాగితాన్ని వెనక్కి తిప్పి, వంకర అక్షరాల వైపు మీద వేలు పెట్టింది.

"అయితే ఆ వైపు కొట్టెయ్. ఒకటే గీత, కింద రాసింది కనపడాలి. కొట్టేసిన చోట సంతకం, తారీకు. చార్టులో తప్పు దిద్దితే ఎలా చెయ్యాలో నేర్పానుగా?"

ఫెబి గీత గీసింది. ఇన్నాళ్లూ సంతకం లేకుండా ఉన్న ఫారం వైపున ఆమె చేసిన మొదటి సంతకం అదే, కొట్టివేత పక్కన.

"ఇది కమిటీకి వెళ్తుంది. వెళ్లక తప్పదు. నా మాటగా నేను రాసేది ఇది. నాలుగు వారాల పోస్టింగు మొత్తం మళ్లీ, ఇదే వార్డులో, నీ సెలవుల్లో. వాళ్లు ఒప్పుకుంటారో లేదో నేను చెప్పలేను. భయంగా ఉందా?"

"ఉంది మేడమ్."

"ఉండనీ" అని ఆవిడ నల్ల పుస్తకం తెరిచింది. అందులో మడతపెట్టిన ఇంకో కాగితం ఉంది. "సమ్రీన్ ఆరింటికే వచ్చింది. విద్యార్థిని అడగటం నా తప్పు అని రాసిచ్చి పోయింది. నువ్వేం రాస్తావోనని ఏడ్చిందిలే, అది వేరే సంగతి. పో, డ్యూటీకి టైమైంది."

బుధవారం రాజనర్సును ఐసీయూనుంచి వార్డుకు తెచ్చారు. మళ్లీ కిటికీ పక్కే దొరికింది. ముక్కులో గొట్టం, పొట్ట మీద కట్టు. నోటికి ఇంకా ఏమీ ఇవ్వొద్దనే అన్నారు. పెదాలు తడపొచ్చని మాత్రం ఫెబి రెండుసార్లు అడిగి తెలుసుకుంది. గాజుగుడ్డ ముక్కను నీళ్లలో ముంచి, పిండి, అతని పెదాల మీద అద్దింది.

"దూపయితుందా బాబాయ్?"

"అయితుంది. గని ఇది మంచిగుంది" అన్నాడు. గుడ్డ చివర చీకబోయి, నవ్వి, నొప్పికి డొక్క పట్టుకున్నాడు. "మా ఇంటామె ఎల్లవ్వ ఫోన్ల ఒకటే ఏడుపు. దుబాయ్ దవాఖానల నీల్లన్న ఇస్తున్నరా అని. ఇది దుబాయ్ కాదే, ఖతరే అంటె ఇనది. దానికి విమానమెక్కినంక అంత దుబాయే."

ఫెబి నవ్వలేకపోయింది. గుడ్డ మళ్లీ ముంచింది. "ఆ రోజు పరదా ఎందుకేశానో తెలుసా బాబాయ్? మీ మాట నాకర్థం కాలేదు. ఎండ అనుకున్నాను."

రాజనర్సు పరదావైపు చూశాడు.

"గట్లనా" అన్నాడు. "నేనేమనుకున్ననంటె... ఈ పిల్ల మనోల్ల పిల్ల. నీల్లడిగితె నీల్లియ్యక పరద గుంజిందంటె ఏదో మతలబు ఉంటది. తాగద్దని చెప్పలేక గట్ల చెప్పింది అనుకున్న. వేరేటోల్లయితె ఇంకోసారి అడుగుదును. నువ్వే వద్దన్నంక ఇంక ఎవల్నడుగుదు?"

ఫెబి చేతిలో గుడ్డ అలాగే ఆగింది. నీళ్లు ముంజేతి మీదుగా కారి మోచేతి దగ్గర చుక్కలు కట్టాయి. కిటికీలో ఎండ ఉంది, ఆదివారం ఉన్నంతే. వేళ్లు చల్లగా ఉన్నాయి, ఆదివారం ఉన్నట్టే.

"కండ్లల్ల కొడుతున్నదా ఎండ?" అని అడిగింది, అతని మాటల్ని కూడబలుక్కుని. "వెయ్యనా పరద?"

"ఉండనియ్. మంచిగ కనవడుతున్నది."

పదమూడో మంచంనుంచి మూలుగు వినిపించింది. పొద్దున చేరిన మనిషి, నేపాల్ వైపు కుర్రాడని చెప్పారు. చెయ్యి గాలిలో ఆడిస్తూ ఏదో అన్నాడు. ఒకే మాట, రెండుసార్లు. అందులో సగం హిందీలాగే వినిపించింది. పోయిన ఆదివారం నాటి ఫెబికైతే అర్థమైపోయేది.

"ఏమంటాడు?" దూరంనుంచి సమ్రీన్ అడగబోయి, నాలుక కరుచుకుని, దుబాసీ కోసం ఫోను అందుకుంది.

"నాకు అర్థం కాలేదు" అంది ఫెబి, వార్డంతా వినపడేలా. అని, పదమూడో మంచం పక్కన వంగి, అతని ఆడుతున్న చెయ్యి పట్టుకుంది. ముందు అది వెచ్చగా ఉందో చల్లగా ఉందో చూసింది. "మళ్లీ చెప్పు" అంది హిందీలో. అతను చెప్పాడు. ఆమె అదే మాట తిరిగి పలికింది. కాదని అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె మళ్లీ పలికింది.